మీరు పంపిన జింక బొమ్మ

చిరంజీవులు చంటికి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

కంచ గచ్చిబౌలిలో పొక్లెయిన్ల ముందు జింకలు, నెమళ్లు పరుగెడుతున్న ఆ బొమ్మ నిజమేనా అని అడిగారు కదా. కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాను. వెనక ఉన్న జింకకు మూడు కాళ్లే ఉన్నాయి! కృత్రిమ మేధతో చేసిన బొమ్మ అది. 2025 ఏప్రిల్‌లో ఇలాంటివి చాలానే తిరిగాయి.

"అయితే వార్తంతా అబద్ధమే" అని చంటి ఈపాటికి తేల్చేసి ఉంటాడు. తొందరపడకురా. బొమ్మ సంగతి వేరు, జరిగిన సంగతి వేరు. ఆ ఏడాది ఉగాది రోజున హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లోకి, చెట్లు కొట్టి నేల చదును చేయడానికి తెలంగాణ ప్రభుత్వం యంత్రాలను దింపింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారును అక్కడికి పంపి, అదే రోజు నివేదిక తెప్పించుకుని, పనులు ఆపమంది. సుమారు వంద ఎకరాలు ధ్వంసమయ్యాయనీ, అక్కడ నెమళ్లు, జింకలు కనిపించాయనీ ఆ నివేదికలో ఉంది. మూడు కాళ్ల జింక అబద్ధం, నాలుగు కాళ్ల జింకలు నిజం.

నకిలీ బొమ్మలను చూపించి ఇదంతా దుష్ప్రచారమని ప్రభుత్వం అంది. చెట్లకు మేలు చేద్దామని బొమ్మలు చేసినవాళ్లు కొరివితో తల గోక్కున్నారు.

ఇక మాటల సంగతి. ఒకరు "ప్రభుత్వ భూమి చదును" అని రాస్తే, మరొకరు "అడవి నరికివేత" అన్నారు. రికార్డుల్లో అది అడవి కాదన్నది ప్రభుత్వ వాదన. కంటికి కనిపించేవి చెట్లు, పక్షులు. ఎవరు ఎటు నిలబడి రాశారో ఆ మాటలే చెప్పేస్తాయి. నేనైతే ఇద్దరి వార్తలూ పక్కపక్కన పెట్టుకుని, రెండింట్లోనూ ఒకేలా ఉన్నవాటి కింద పెన్సిల్‌తో గీత గీస్తాను. ఎకరాలు, తేదీ, కోర్టు ఉత్తర్వు అలా మిగిలాయి. నేను చెట్ల పక్షమే కాబట్టి, చెట్ల పక్షం రాసినదాన్ని మరోసారి చదువుతాను. మనకు నచ్చిన వార్తే మనల్ని తేలిగ్గా బోల్తా కొట్టిస్తుంది.

అన్నట్టు, ఒకటి ఒప్పుకోవాలి. ఆ బొమ్మ మీకంటే ముందే నాకు వచ్చింది. ఉదయం నాతో నడిచే నలుగురికీ పంపేశాను కూడా. మీరు అడిగాకే కాళ్లు లెక్కపెట్టాను. తప్పయిందని మళ్లీ అందరికీ రాస్తే ఒక్కరే బదులిచ్చారు: "అయినా బొమ్మ బాగుంది మాస్టారూ."

ఇట్లు,
మీ తాతయ్య