బండి వెనక గుండు: హిచ్ మీద అపోహలు, వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ దగ్గరపడితే బరంపురంలో మా షెడ్డుకి ఒకే రకం బేరం వస్తుంది. టెంట్ హౌసు వాళ్లు, లైటింగు వాళ్లు, వంట కాంట్రాక్టు వాళ్లు. ఇంట్లో ఎలాగూ చిన్న ఎస్‌యూవీ ఉంది, దాని వెనక హిచ్ (ట్రాలీ తగిలించే ఇనుప అమరిక, చివర గుండు ఉంటుంది) పెట్టిస్తే జనరేటరో గిన్నెల ట్రాలీయో మనమే లాక్కుపోవచ్చు, ఆటో ట్రక్కు కిరాయి తప్పుతుంది అంటారు. ఆశ మంచిదే. కానీ ఇటు గోపాల్‌పూర్ నుంచి అటు ఇచ్ఛాపురం దాకా హిచ్ గురించి వినిపించే మాటల్లో సగం ట్రాక్టర్ దగ్గర నేర్చుకున్నవి. కారు దగ్గర అవి పనికిరావు.

అపోహ: "బంపర్‌కి గట్టిగా ఎల్డింగ్ కొట్టీ గురూ, అదే ఆగుద్ది."

పాత జీపులకి కింద నిచ్చెన లాంటి ఇనుప చట్రం, అదే ఛాసీ, ఉండేది. ఇప్పటి చిన్న ఎస్‌యూవీల్లో చాలావాటికి విడిగా ఛాసీ లేదు, బాడీయే ఛాసీ. బయటికి కనిపించే బంపర్ ఉత్త ప్లాస్టిక్ తొడుగు. దాని లోపల అడ్డంగా ఉండే దూలం గుద్దుకుంటే నలగడానికి పెట్టింది, బరువు లాగడానికి కాదు. సరైన హిచ్ డిక్కీ కింద అటూ ఇటూ పొడుగ్గా వెళ్లే రెండు దూలాలకి బోల్టులతో బిగుస్తుంది. అక్కడైనా వెల్డింగ్ వద్దు. ఇప్పటి కార్లలో చాలా చోట్ల గట్టిదనం పెంచిన స్టీలు వాడతారు, వెల్డింగ్ వేడి తగిలిన మేర ఆ గట్టిదనం పోతుంది.

పని కొత్తలో నేనూ ఒకటి బంపర్ దూలానికే కొట్టాను. అతుకు చూస్తే ముచ్చటేసేది. మూడు నెలలకి బండి తిరిగొచ్చింది. వెల్డింగ్ చెక్కుచెదరలేదు, దాని పక్కన రేకు కాగితంలా చిరిగి గుండు ఓ పక్కకి వేలాడుతోంది. స్పీడ్ బ్రేకర్ మీద ఊడిందట. ట్రాలీ ఖాళీది కాబట్టి బతికిపోయాం. ఆ తర్వాత హిచ్ కోసం కారు కింద వెల్డింగ్ మెషీను పెట్టలేదు.

అపోహ: హిచ్ ప్లేటు మీద 1500 కిలోలని ఉంది, అంత లాగొచ్చు.

అది ఆ ఇనుముకి ఉన్న ఓపిక. కారు, హిచ్, గుండు, దాని మీద బోర్లించినట్టు కూర్చునే ట్రాలీ కప్పు, టైర్లు, వీటిలో దేని ఓపిక తక్కువైతే అదే మీ లెక్క. కారు ఓపిక ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. మన దేశంలో అమ్మే చిన్న ఎస్‌యూవీల్లో చాలావాటి మాన్యువల్ అసలు ట్రాలీ లాగొద్దనే చెబుతుంది. అదే పేరుతో పరాయి దేశంలో అమ్మే బండికి ఇంటర్నెట్‌లో ఏదో అంకె కనబడిందని ఫోన్ చూపిస్తారు. ఇంజను, గేర్‌బాక్స్, కూలింగ్ అక్కడ వేరుగా ఉండొచ్చు, ఆ అంకె ఇక్కడ చెల్లదు. మాన్యువల్ వద్దంటే నేనూ వద్దంటాను. కొందరు విసుక్కుని పక్క షెడ్డుకి పోతారు, పోనీండి.

అపోహ: మొత్తం బరువు సరిపోతే చాలు, సామాను ఎక్కడ పెట్టినా ఒకటే.

నా లెక్కలో అన్నిటికంటే ప్రమాదం ఇదే. ట్రాలీ ముక్కు, అంటే కారుకి తగిలించే ముందు కొస, గుండు మీద ఎంత బరువు మోపుతోందన్నది రెండో అంకె. ట్రాలీ మొత్తం బరువులో సుమారు పదో వంతు ఉండాలి, అదీ కారుకి రాసిచ్చిన హద్దు దాటకుండా. తక్కువైతే స్పీడులో ట్రాలీ తోక ఊపుతుంది, కారుని కూడా ఊపుతుంది. ఎక్కువైతే కారు వెనక కుంగి ముందు తేలుతుంది, హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలు వెతుకుతాయి, స్టీరింగు పట్టు తగ్గుతుంది. పైగా ఆ ముక్కు బరువు కారు మోసే బరువులోకే వస్తుంది. లోపల అయిదుగురు కూర్చుంటే మిగిలేది ఎంతో లెక్కేసుకోండి.

మొన్న ఒక లైటింగు తమ్ముడు 400 కిలోల ట్రాలీ తెచ్చాడు. దించుకోవడం సులువని 120 కిలోల జనరేటర్ని వెనక తలుపు దగ్గరే పెట్టాడు. నేల సమంగా ఉన్న చోట చక్రాలకి ఇటుకలు పెట్టి, ముక్కు గుండు ఎత్తులోనే ఉండేలా కింద చెక్కముక్క, దాని కింద మా ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను పెట్టాం. ముల్లు 9 దగ్గర ఆగింది. జనరేటర్ని ఒక మూర ముందుకి జరిపాం. 42. ఒక్క కిలో దించలేదు. "మరి దించేటప్పుడు నడుం పోద్ది కదేటి అన్నా" అన్నాడు. అందుకు నా దగ్గర జవాబు లేదు.

అపోహ: వెనక గుండు ఉంటే ఎవడు గుద్దినా మనకేం కాదు.

ట్రాలీ లేకపోయినా దీని కోసమే హిచ్ అడిగే కుర్రాళ్లున్నారు. దెబ్బ ముందుగా గుండుకి తగిలితే నలగాల్సిన బంపర్ దూలం నలగదు, దెబ్బ నేరుగా బాడీ దూలాల్లోకి, అక్కడి నుంచి మీ మెడకి చేరుతుంది. విప్పదీసే రకం గుండు కొనండి, పని లేనప్పుడు డిక్కీలో పడేయండి.

అపోహ: ట్రాలీకి ఇంజను లేదు, కాగితాలెందుకు?

1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రాలీ కూడా మోటారు వాహనమే, రిజిస్ట్రేషన్ ఉండాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని అదే చట్టం 52వ సెక్షను. 2019 సవరణతో మారిన 182ఏ సెక్షను కింద యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బరంపురంలో ఎవరూ ఆపలేదు అంటారు. ఆంధ్రా సరిహద్దు గిరిసోల దాటాక ఆపొచ్చు. ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్సు వాళ్లకీ చెప్పండి.

అపోహ: టర్బో ఇంజనుంది, ఘాట్ ఎక్కేస్తుంది.

ఎక్కుతుంది. తప్తపాణి ఘాట్ దిగేటప్పుడు మాట్లాడుకుందాం. సొంత బ్రేకులు లేని ట్రాలీని ఆపేది మీ కారు బ్రేకులే. యూరప్‌లో 750 కిలోలు దాటిన ట్రాలీకి సొంత బ్రేకులు ఉండి తీరాలి. దిగేటప్పుడు ముందే చిన్న గేరులోకి రండి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. ట్రాలీ ఊగితే యాక్సిలరేటర్ వదిలి స్టీరింగు తిన్నగా పట్టుకోండి. స్పీడు పెంచితే సర్దుకుంటుందన్న మాట నమ్మొద్దు.

ఇక చిల్లర సంగతులు. 50 మిల్లీమీటర్ల కప్పుకి రెండంగుళాల గుండు పెట్టకండి. అది 50.8, కప్పు పూర్తిగా కూర్చోక తాళం సరిగ్గా పడదు. ట్రాలీ లైట్లకి కారు వైరు గీకి కలపొద్దు. ఇండికేటర్ బల్బు ఒక్కోటి 21 వాట్లు, ఆ భారం బండి కంప్యూటర్ మీద పడుతుంది. బ్యాటరీ నుంచి విడిగా ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) వేయించండి. బోల్టుల గట్టిదనం గ్రేడు 8.8కి తగ్గకూడదు, తలకాయ మీదే రాసి ఉంటుంది. మొదటి లోడు తిప్పాక టార్క్ పానాతో (ఎంత బిగువుందో కొలిచే పానా) మళ్లీ చూపించండి. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి బోల్టు రంధ్రాల అంచులే ముందు తుప్పు పడతాయి, వానాకాలం ముందు ఒకసారి కింద దూరి చూడండి.