కుర్చీలోంచి లేచిన ఆయన

బుజ్జీ, చంటీ,

మీ ఉత్తరం అందింది. బడివాళ్ళు మిమ్మల్ని కౌన్సిల్ సమావేశం చూపించడానికి తీసుకెళ్ళడం, మీరు గంటసేపు ఆవలింతలు ఆపుకోవడం అంతా చదివాను. చివర్లో బుజ్జి ఒకటి అడిగింది: "కొత్త రోడ్డు సంగతి రాగానే ఒకాయన లేచి, ఆ పక్కన నాకు స్థలం ఉంది అని చెప్పి బయటికి వెళ్ళిపోయాడు. అలిగాడా తాతయ్యా?" ఆ ఒక్క ప్రశ్న దొరికింది కాబట్టి మీ గంట దండగ కాలేదు.

అలగలేదమ్మా. రోడ్డు అటుగా వస్తే ఆయన స్థలం ధర పెరుగుతుంది. రోడ్డు ఎటు వేయాలో తేల్చే చెయ్యీ, దానివల్ల నిండే జేబూ ఒకే మనిషివి. అందుకే తప్పుకున్నాడు. దీనికి పెద్దవాళ్ళు 'ప్రయోజనాల వైరుధ్యం' అని నోరు తిరగని పేరు పెట్టారు. నేను మాత్రం 'తమ్ముడి అంపైరింగ్' అంటాను.

నాకు పదకొండేళ్ళప్పుడు కాలు బెణికితే, ఊరికే కూర్చున్నాను కదా అని నన్ను అంపైర్‌గా నిలబెట్టారు. బ్యాటింగ్‌లో మా తమ్ముడు. రనౌట్ అని అందరూ అరిచారు. వాడి బ్యాటు గీత దాటడం నేను కళ్ళారా చూశాను. కానీ అప్పటికే వెనక నుంచి ఎవడో "వాళ్ళ తమ్ముడేగా, నాటౌటే అంటాడు" అన్నాడు. నా వేలు దానంతటదే పైకి లేచింది. అవుట్! తమ్ముడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ ఏదో ఒక వంక దొరికితే దెప్పుతాడు.

నేను వాడికి మేలు చేయలేదు, చూశారా? నిజాయితీపరుణ్ణి అనిపించుకోవాలనే టెన్షన్‌లో అన్యాయం చేశాను. ఇష్టం ఒక్కటే కాదు, భయం కూడా తీర్పుని వంకర తిప్పుతుంది. నేను నాటౌట్ అని నిజమే చెప్పినా ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. ఆ రోజు నేను చేయగలిగిన సరైన పని ఒక్కటే, "వీడు మా తమ్ముడు, ఇంకెవరినైనా నిలబెట్టండి" అని ముందే పక్కకి జరగడం.

కౌన్సిల్ కూడా ఆటలాంటిదే. అజెండా అంటే ఎవరి తర్వాత ఎవరు ఆడాలో రాసుకున్న కాగితం, మినిట్స్ అంటే స్కోరు పుస్తకం. టెండర్ అంటే టాస్... కాదులే, టాస్ అదృష్టం, టెండర్ అలా కాకూడదు. దాన్ని వదిలేద్దాం.

ఇలాంటి చిక్కు రావడం తప్పు కాదు. స్థానిక కౌన్సిల్‌లో కూర్చునేవాళ్ళు అక్కడివాళ్ళే. వాళ్ళకీ ఇళ్ళుంటాయి, వ్యాపారాలుంటాయి, బావమరుదులుంటారు. దాచిపెట్టడమే తప్పు. ఇంగ్లండ్‌లో 2011లో వచ్చిన లోకలిజం చట్టం ప్రకారం, ఎన్నికైన సభ్యుడు తన భూములు, వ్యాపారం, కౌన్సిల్‌తో ఉన్న కాంట్రాక్టుల వివరాలు 28 రోజుల్లో అధికారికి రాసివ్వాలి. అలాంటిది చర్చకొస్తే మాట్లాడకూడదు, ఓటు వేయకూడదు. సరైన కారణం లేకుండా దాస్తే నేరం. భార్యదో భర్తదో అయిన ఆస్తీ లెక్కలోకి వస్తుంది. తమ్ముడు మాత్రం ఆ జాబితాలో లేడు. మా ఆట చూసి ఉంటే చేర్చేవాళ్ళు!

"మరి నోరు మూసుకుని అక్కడే కూర్చోవచ్చుగా?" అని చంటిగాడు అడుగుతాడని తెలుసు. ఒరేయ్, నువ్వు వేసిన బొమ్మ బాగుందో లేదో నీ స్నేహితులు తేల్చాలనుకో. నువ్వు మాట్లాడకుండా ఎదురుగా కూర్చుని వాళ్ళ మొహాల్లోకే చూస్తుంటే, బాగాలేదని ఎవడంటాడు?

మనిషి మంచివాడైతే పర్వాలేదు కదా అనీ అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లోనే లార్డ్ ఛాన్సలర్ కాటన్‌హామ్ అనే పెద్ద న్యాయమూర్తి ఒక కాలువ కంపెనీకి అనుకూలంగా తీర్పిచ్చాడు. ఆ కంపెనీలో ఆయనకు వాటాలున్నాయని తర్వాత తెలిసింది. ఆ వాటాల వల్ల ఆయన రవ్వంత కూడా మొగ్గి ఉంటాడని ఎవరూ అనుకోరని పైకోర్టు చెబుతూనే, 1852లో ఆ తీర్పుని కొట్టేసింది. నాకు చాలా నచ్చిన సంగతి ఇది. మనిషిని తిట్టలేదు, తీర్పుని మాత్రం ఉండనివ్వలేదు.

ఇంకోటి మన దేశంలోదే, కౌన్సిల్‌ది కాదుగానీ మీకు పనికొస్తుంది. అటవీ సర్వీసుకి అధికారులను ఎంపిక చేసే బోర్డులో ఒక సభ్యుడు తనూ అభ్యర్థే. తన పేరు వచ్చినప్పుడు పద్ధతిగా బయటికి వెళ్ళాడు. పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు మాత్రం దర్జాగా లోపలే కూర్చుని అభిప్రాయం చెప్పాడు. జాబితాలో మొదటి పేరు ఎవరిదో మీరే ఊహించండి. క్రైపక్ కేసు అంటారు దాన్ని. 1969లో సుప్రీంకోర్టు ఆ ఎంపికను కొట్టేసింది.

ఇక మీకో పని. రోడ్డుకి రెండు దారులు అనుకున్నారని రాశారు కదా, ఒకటి ఆయన స్థలం పక్కనుంచి, రెండోది చెరువు వైపు నుంచి. వచ్చే సెలవు రోజు కాదు, ఆఫీసు తెరిచి ఉన్న రోజు మీ నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ సమావేశం మినిట్స్ చూస్తామని అడగండి. ఆయన లేచి వెళ్ళిన మాట అందులో రాశారో లేదో చూడండి. తర్వాత పేజీ తిప్పండి. చెరువు వైపు దారి గురించి మాట్లాడుకుంటున్నప్పుడు ఆయన ఎక్కడున్నాడో కనిపెట్టి నాకు రాయండి.

మీ తాతయ్య