ఇద్దరు మహమ్మద్ అలీలు, ఒకే పదవి: పాకిస్తాన్‌లో పేర్ల తికమక వెనుక కథ

1955 ఆగస్టులో పాకిస్తాన్ ప్రధానమంత్రి పదవి నుంచి మహమ్మద్ అలీ తప్పుకున్నారు. ఆయన స్థానంలో మహమ్మద్ అలీ ప్రమాణ స్వీకారం చేశారు. ఇది అచ్చుతప్పు కాదు. దిగిపోయిన వ్యక్తి తూర్పు బెంగాల్‌కు చెందిన నవాబుల బిడ్డ, పదవి చేపట్టిన వ్యక్తి జలంధర్‌లో పుట్టి లెక్కల శాఖలో ఎదిగిన పంజాబీ అధికారి. మొదటివారిని చరిత్ర మహమ్మద్ అలీ బోగ్రా అంటుంది, రెండోవారిని చౌధరీ మహమ్మద్ అలీ అంటుంది. ఒకరికి పేరు తర్వాత ఊరు, మరొకరికి పేరుకు ముందు బిరుదు తగిలించకపోతే పాకిస్తాన్ తొలి దశాబ్దపు రాజకీయాలను రాయడమే కష్టం.

ఈ తికమక 1955లో మొదలైంది కూడా కాదు. 1953 ఏప్రిల్ 17న గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ అప్పటి ప్రధాని ఖ్వాజా నాజిముద్దీన్‌ను బర్తరఫ్ చేసి, అమెరికాలో రాయబారిగా ఉన్న బోగ్రాను తీసుకొచ్చి ప్రధానిని చేశారు. చౌధరీ మహమ్మద్ అలీ 1951 నుంచే ఆర్థిక మంత్రి. బోగ్రా మంత్రివర్గంలోనూ అదే శాఖలో కొనసాగారు. అంటే రెండేళ్లకు పైగా ఒకే మంత్రివర్గంలో ప్రధానీ మహమ్మద్ అలీయే, ఖజానా చూసేవారూ మహమ్మద్ అలీయే. వారిని నియమించిన గవర్నర్ జనరల్ పేరులోనూ మహమ్మద్ ఉన్నాడు. అంతకుముందు దేశాన్ని స్థాపించిన నాయకుడు సరేసరి, ఆయనా మహమ్మద్ అలీయే.

ఇక్కడ ఒక చిన్న వివరం దగ్గర ఆగాలి. బోగ్రా తండ్రి పేరు అల్తాఫ్ అలీ చౌధురి. ఆ ఇంటి పేర్లలో చౌధురి అనే మాట ముందునుంచీ ఉంది, కుమారుడి పూర్తి పేరులోనూ ఉంది. కాబట్టి చౌధరీ అన్న బిరుదు ఒక్కటే ఇద్దరినీ వేరు చేసేది కాదు. బెంగాలీ ప్రధాని విషయంలో ఆ మాట వెనక్కి పోయి, ఆయన కుటుంబం జమీందారీ చేసిన ఊరి పేరు నిలిచింది కాబట్టే లెక్క కుదిరింది. పంజాబులో చౌధరీ అంటే గ్రామపెద్దలకూ, భూములున్న కుటుంబాల వారికీ వాడే గౌరవ పదం. బెంగాల్‌లో అదే మాట హిందూ, ముస్లిం కుటుంబాలు రెండింటిలోనూ వంశనామంగా స్థిరపడింది. ఒకే మూలం నుంచి వచ్చిన మాట దేశపు ఒక కొసన బిరుదు, మరో కొసన ఇంటిపేరు.

ఇద్దరి పాలనా వేర్వేరు. 1953 అక్టోబరులో తూర్పు, పశ్చిమ ప్రాంతాల మధ్య ప్రాతినిధ్యాన్ని సమతూకం చేసే ప్రతిపాదన తెచ్చింది బోగ్రా. అందుకే దాన్ని బోగ్రా ఫార్ములా అంటారు. ఆ కసరత్తు పూర్తికాక ముందే, 1954 అక్టోబరు 24న, గవర్నర్ జనరల్ రాజ్యాంగ సభనే రద్దు చేశారు. 1956 మార్చి 23న అమల్లోకి వచ్చిన తొలి రాజ్యాంగం చౌధరీ హయాంలోది. ఆయన అదే ఏడాది సెప్టెంబరులో రాజీనామా చేశారు. కనుక ‘మహమ్మద్ అలీ ప్రభుత్వం రాజ్యాంగ రచనకు పూనుకుంది’ అని ఎవరైనా రాస్తే, ఆ వాక్యం ఇద్దరి విషయంలోనూ నిజమే, ఏ ఒక్కరి గురించీ ఏమీ చెప్పనిదే.

ఇంతమందికి ఒకే పేరు ఎందుకు వస్తుంది అన్న ప్రశ్నకు జవాబు ఆ పేర్లు కట్టే తీరులోనే ఉంది. తెలుగువారిలో ఒకే వీధిలో నలుగురు వెంకటేశ్వరరావులున్నా ముందున్న ఇంటిపేరు వారిని విడదీస్తుంది. పాకిస్తాన్‌లో చాలా కుటుంబాలకు తరం నుంచి తరానికి మారకుండా వచ్చే అలాంటి ఇంటిపేరు లేదు. మహమ్మద్ అన్నది శుభం కోసం ముందు చేర్చే పవిత్ర నామం. ఇంట్లో పిలిచే పేరు చాలాసార్లు దాని తర్వాత వచ్చేది. అలీ, అహ్మద్, హుసేన్ చివరన ఉన్నా అవి వంశాన్ని సూచించవు. తండ్రి పేరులోని చివరి మాట కొడుకు పేరులో ఉండాలన్న నియమమూ లేదు. జిన్నా పేరే చూడండి: కరాచీలో పుట్టినప్పుడు ఆయన మహమ్మదలీ జిన్నాభాయి. జిన్నాభాయి అన్నది తండ్రి పేరు. లండన్‌లో న్యాయవిద్య చదివే రోజుల్లో ఆయన చివరి ‘భాయి’ని తొలగించుకున్నారు; అలా తండ్రి పేరు కొడుక్కి ఇంటిపేరైంది.

ఇంటిపేరు లేని చోట గుర్తు కోసం సమాజం ఇతర దారులు వెతుక్కుంది. ఉర్దూ కవులకు ఈ ఇబ్బంది పాతది కాబట్టి వారి దారీ పాతదే: కలం పేరుకు ఊరి పేరు కలుపుతారు. పాకిస్తాన్ జాతీయగీతం రాసిన కవి హఫీజ్ జాలంధరీ. అదే కాలంలో గజళ్లు రాసిన మరో హఫీజ్, హోషియార్‌పురీ. ఇద్దరి ఊళ్లూ విభజన తర్వాత భారత పంజాబులోనే ఉండిపోయాయి, కవులు మాత్రం ఆ ఊళ్లను పేర్లలో పెట్టుకొని అవతలికి వెళ్లారు.

రాజకీయాల్లో ఈ అదనపు మాట గుర్తుగా మొదలై ఆయుధంగా మారిన సందర్భమూ ఉంది. 1992 ప్రపంచకప్ గెలిచిన జట్టు సారథి, 2018 నుంచి 2022 వరకు ప్రధానిగా పనిచేసిన ఇమ్రాన్ ఖాన్ పూర్తి పేరు ఇమ్రాన్ అహ్మద్ ఖాన్ నియాజీ. ప్రపంచానికి ఆయన ఇమ్రాన్ ఖాన్‌గానే తెలుసు, చివరి మాట ఆయన ఎక్కడా పెద్దగా వాడరు. ప్రత్యర్థులు మాత్రం సభల్లో పనిగట్టుకొని ‘ఇమ్రాన్ నియాజీ’ అంటారు. 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు పత్రంపై సంతకం చేసిన జనరల్ కూడా నియాజీ తెగవాడే కావడం వల్ల ఆ పిలుపు పాకిస్తానీ చెవులకు మామూలు పిలుపులా వినిపించదు. ఎదుటివాడి పేరును పూర్తిగా పలకడమే విమర్శ కావడం అరుదైన సంగతి.

క్రీడల్లో చిక్కు మరో రకం. 2014 అక్టోబరులో దుబాయ్‌లో ఆస్ట్రేలియాపై టెస్టు ఆడిన పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ పేరు కూడా ఇమ్రాన్ ఖానే. దేశవాళీ క్రికెట్‌లో అదే పేరుతో ఇంకొకరు ఉన్నందున స్కోరు పట్టికల్లో ఈయన ‘సీనియర్’ అయ్యారు. ప్రధాని పీఠం దాకా వెళ్లిన ఇమ్రాన్ ఉండగా 1987లో పుట్టిన ఈయనకు సీనియర్ అన్న గుర్తు రావడం పట్టికలకే చెల్లింది. 2022 డిసెంబరులో రావల్పిండిలో ఇంగ్లండ్‌తో జరిగిన టెస్టులో మరో మహమ్మద్ అలీ అరంగేట్రం చేశారు. ఆ పేరు వినగానే ప్రధానులు కాక, లాహోర్ వెండితెర కథానాయకుడు మహమ్మద్ అలీ గుర్తొచ్చే పెద్దలు అక్కడ ఎక్కువమందే ఉంటారు. ఆ నటుడు రాంపూర్‌లో పుట్టి, హైదరాబాద్ రేడియోలో గొంతు సవరించుకున్నారు. మన హైదరాబాద్ కాదు, సింధులోని హైదరాబాద్. ఊళ్లకూ ఈ బాధ తప్పలేదు.

మహమ్మద్ ఆసిఫ్‌ల విషయం వీటన్నిటికన్నా ఇబ్బందికరం. ఇద్దరూ 1982లోనే పుట్టారు. షేఖూపురాకు చెందిన ఆసిఫ్ మంచి స్వింగ్ బౌలర్. 2010లో లార్డ్స్ టెస్టులో కావాలని నోబాల్ వేసిన కేసులో లండన్ కోర్టు మరుసటి ఏడాది ఆయనకు జైలుశిక్ష విధించింది. ఫైసలాబాద్‌కు చెందిన ఆసిఫ్ స్నూకర్ ఆటగాడు. 2012లో సోఫియాలో, 2019లో అంటాల్యాలో, 2024లో దోహాలో ప్రపంచ అమెచ్యూర్ టైటిళ్లు గెలిచారు. మూడుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషిని పరిచయం చేయాలంటే ముందు ‘ఆ ఆసిఫ్ కాదు’ అని చెప్పవలసి రావడంలో అన్యాయం ఉంది.

దీనికి తిరగేసిన కథ ఒకటుంది. బ్యాట్స్‌మన్ యూసుఫ్ యోహానాకు 2005 దాకా ఈ సమస్యే లేదు, క్రైస్తవ కుటుంబం ఇచ్చిన ఆ పేరు పాకిస్తాన్ క్రికెట్‌లో మరొకరికి లేదు. ఆ ఏడాది ఆయన ఇస్లాం స్వీకరించి మహమ్మద్ యూసుఫ్ అయ్యారు. మరుసటి ఏడాదే టెస్టుల్లో 1,788 పరుగులు చేసి ఒకే క్యాలెండర్ సంవత్సరపు రికార్డు నెలకొల్పారు. అయితే 1994లోనే పాకిస్తాన్‌కు స్నూకర్‌లో ప్రపంచ అమెచ్యూర్ టైటిల్ తెచ్చినవారి పేరూ మహమ్మద్ యూసుఫే. ఇంగ్లీషులో ఒక అచ్చు మార్చి ఇద్దరినీ వేరుగా రాస్తారు గానీ, పొట్టి అచ్చులను మామూలుగా రాయని ఉర్దూ లిపిలో రెండూ ఒకటే. తెలుగు పత్రికలైతే మహమ్మద్, మొహమ్మద్, ముహమ్మద్ అని ఒకే మనిషిని ముగ్గురిని చేస్తాయి. అది వేరే చిక్కు.

ప్రభుత్వ దస్త్రాలకు ఊరూ బిరుదూ చాలవు. అందుకే పాకిస్తాన్ గుర్తింపు కార్డుపై వ్యక్తి పేరు కింద తండ్రి పేరూ, 13 అంకెల సంఖ్యా ఉంటాయి. మొదటి అంకె రాష్ట్రాన్ని, చివరి అంకె పురుషుడో స్త్రీయో సూచిస్తాయి. విదేశాల దరఖాస్తు ఫారాలు మాత్రం మొదటి పేరు ఏది, ఇంటిపేరు ఏది అని అడుగుతూనే ఉన్నాయి. మహమ్మద్‌ను మొదటి గడిలో నింపితే, ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పిలవని పేరుతో అధికారులు పిలుస్తారు.

బోగ్రా ఆ తర్వాతి కాలంలో అయూబ్ ఖాన్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగా ఉంటూ 1963 జనవరిలో ఢాకాలో కన్నుమూశారు. ఆయనను మరో మహమ్మద్ అలీ నుంచి వేరు చేసిన ఆ పట్టణం 1971లో బంగ్లాదేశ్‌లో భాగమైంది. 2018లో అక్కడి ప్రభుత్వం ఇంగ్లీషులో దాని పేరును బొగురాగా మార్చింది. పాకిస్తాన్ ప్రధానుల జాబితాలో మాత్రం ఇప్పటికీ బోగ్రా అనే ఉంది.