పసుపు పైపులోకి కొత్త గ్యాస్

ఇంటికి పైపు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే రోజున మెకానిక్ స్టౌ బోర్లించి, లోపలి జెట్లు విప్పి వేరేవి బిగిస్తాడు. పాత జెట్‌నీ కొత్తదాన్నీ అరచేతిలో పెట్టుకుని చూడండి. కొత్తదాని రంధ్రం కాస్త పెద్దది, తేడా సూదిమొనంత. ఘనపు మీటరు సిలిండర్ గ్యాస్‌లో ఉండే వేడిలో సగం కూడా పైపులో వచ్చే మీథేన్‌లో ఉండదు. అందుకే ఎక్కువ గ్యాస్ వదలాలి. రంధ్రం సరిపోకపోతే మంట నీలంగా, నిలకడగా ఉండదు.

ఇప్పుడు ఆ మీథేన్‌లోనే హైడ్రోజన్, బయోగ్యాస్ కలుపుతున్నారు. సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్‌టీపీసీ టౌన్‌షిప్ ఇళ్లకు 2023 జనవరిలో హైడ్రోజన్ కలిసిన గ్యాస్ రావడం మొదలైంది. నీటి మీద తేలే సోలార్ పలకల కరెంటుతో నీటిని విడగొట్టి ఆ హైడ్రోజన్ తీశారు, మొదట 5 శాతం కలిపారు. అంతకు ముందే బ్రిటన్‌లోని కీల్ యూనివర్సిటీలో వంద ఇళ్లకు 20 శాతం దాకా కలిపి చూశారు. స్టౌలు మార్చాల్సిన అవసరం రాలేదు.

హైడ్రోజన్ మండితే కార్బన్ డయాక్సైడ్ రాదు కాబట్టి, 20 శాతం అనగానే అది ఐదో వంతు తగ్గిందనుకుంటాం. కానీ హైడ్రోజన్ చాలా తేలిక. ఘనపు మీటరుకు మీథేన్ ఇచ్చే వేడిలో మూడో వంతే ఇస్తుంది. అదే అన్నం ఉడకాలంటే మిశ్రమం ఇంకో 16 శాతం ఎక్కువ కాలాలి. లెక్కంతా తేల్చి చూస్తే తగ్గేది 7 శాతమే. 5 శాతం కలిపితే రెండు శాతం కూడా తగ్గదు. మన మీటరు కొలిచేది ఘనపరిమాణాన్ని, వేడిని కాదు. కాబట్టి హైడ్రోజన్ కలిపిన చోట బిల్లు వేడిని బట్టి వేయాల్సిందే.

మంట సంగతీ ఉంది. హైడ్రోజన్ మంట మీథేన్ మంట కంటే ఆరేడు రెట్లు వేగంగా పాకుతుంది. హైడ్రోజన్ వాటా మితిమీరితే మంట బర్నర్ లోపలికే దూరుతుంది. వీధుల్లో వేసే పసుపు ప్లాస్టిక్ పైపులకు హైడ్రోజన్‌తో పెద్ద ఇబ్బంది లేదు. ఊళ్ల మధ్య అధిక పీడనంతో నడిచే ఉక్కు లైన్లతోనే టెన్షన్. హైడ్రోజన్ పరమాణువులు ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసుగా మారుస్తాయి.

నాకైతే హైడ్రోజన్‌ను వంటింటికి పంపడం సరికాదనిపిస్తుంది. కిలో తీయడానికి 50 యూనిట్లకు పైనే కరెంటు కావాలి. దాన్ని మండిస్తే వచ్చేది 33 యూనిట్ల వేడి, అందులోనూ సగానికి దగ్గరగా గిన్నె పక్కనుంచి గాల్లోకి పోతుంది. ఆ కరెంటుతో నేరుగా ఇండక్షన్ స్టౌ వెలిగించుకోవచ్చు. రామగుండంలో యూరియాకు కావాల్సిన హైడ్రోజన్‌ను ఇప్పటికీ సహజ వాయువు నుంచే తీస్తున్నారు. కరెంటుతో తీసిన హైడ్రోజన్‌కు అసలు చోటు అలాంటి ఫ్యాక్టరీలే.

వంటింటి పైపుకు తగినది బయోగ్యాస్. పేడ, కూరగాయల చెత్త, గడ్డి గాలి తగలకుండా పులిస్తే వచ్చేది మీథేనే. శుద్ధి చేస్తే జెట్ మార్చే పని కూడా ఉండదు. సీఎన్‌జీలోనూ ఇళ్ల పైపు గ్యాస్‌లోనూ దీన్ని 2025-26లో 1 శాతం, 2028-29 నాటికి 5 శాతం కలపాలని కేంద్రం నిర్ణయించింది.

ఆ శుద్ధి దగ్గరే జాగ్రత్త కావాలి. గోబర్ గ్యాస్ ప్లాంటు పక్కన నిలబడితే కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది, అది హైడ్రోజన్ సల్ఫైడ్. శుద్ధి చేయని గ్యాస్‌లో మూడో వంతుకు పైగా కార్బన్ డయాక్సైడ్, దాంతోపాటు తేమ ఉంటాయి. ఆ రెండూ కలిస్తే ఆమ్లమై ఉక్కును తినేస్తుంది. కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అది బయోగ్యాస్ కాదు, నేలలోంచి తీసిన గ్యాసే. పొడి గ్యాస్ వెళ్లాల్సిన లైన్లో తడి గ్యాస్ వెళ్లి, పైపు లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది.

బయోగ్యాస్ ప్లాంట్లు చిన్నవి, చెదురుమదురుగా ఉంటాయి. ఒక్కో ప్లాంటూ పైపులోకి గ్యాస్ ఎక్కించే ఒక్కో ద్వారమే. అలాంటి ప్రతి ద్వారం దగ్గరా తేమనూ సల్ఫైడ్‌నూ నిమిష నిమిషం కొలవాలి, హద్దు దాటితే వాల్వు దానంతటదే మూసుకోవాలి. ఆ కొలతలు కంపెనీ కంప్యూటర్లోనే ఉండిపోకుండా, లైను ఏ ఊరి మీదుగా పోతుందో ఆ ఊరి పంచాయతీ ఆఫీసులోనూ రోజూ కనబడాలి.