చదవడం నేర్పడం భాషా టీచరు పనేనా?

లెక్కలో "కనీసం 5" అని ఉంటే, పిల్లవాడు "5 కంటే ఎక్కువ" అని రాసుకున్నాడు. 5 కూడా కలుస్తుందని తెలియక జవాబు తప్పింది. టీచరు "వీడికి లెక్కలు రావు" అని తేల్చేశారు. వాడికి కూడికలూ తీసివేతలూ బాగానే వచ్చు, తడబడింది ఆ ఒక్క మాట దగ్గరే.

బీఈడీలో చేరే ఛాత్రోపాధ్యాయుల్లో చాలామంది, ఇలా చదివింది అర్థం చేసుకోవడం నేర్పే బాధ్యత తెలుగు, ఇంగ్లిష్ టీచర్లదే అనుకుంటూ వస్తారు. దీనికి వాళ్లను తప్పుపట్టలేం. వాళ్లు చదువుకున్న బళ్లలో చూసింది అదే.

ఆ బాధ్యత అందరు టీచర్లదీ అన్న వాదన వందేళ్ల నాటిది. అమెరికాలో 1920ల్లోనే విలియం ఎస్. గ్రే వంటి విద్యావేత్తలు ప్రతి టీచరూ చదవడం నేర్పాలన్నారు. సైన్స్ ఆపి అక్షరాలు దిద్దించమంటున్నారేమోనని హైస్కూలు టీచర్లు బిగుసుకున్నారు. 1970లో అక్కడి విద్యావేత్త హెరాల్డ్ హెర్బర్ ఈ విషయం మీదే ఒక పాఠ్యపుస్తకం రాసి, సబ్జెక్టును వదలకుండా ఆ పాఠంతోనే చదవడం నేర్పవచ్చని చూపారు. 1975లో ఇంగ్లండులో భాషా బోధన మీద ప్రభుత్వం వేసిన బుల్లక్ కమిటీ, భాష అన్ని సబ్జెక్టుల బాధ్యతంది. 1977లో జోసెఫ్ వాన్ అనే పరిశోధకుడు, సబ్జెక్టు క్లాసులో చదవడం నేర్పడం పట్ల టీచర్ల వైఖరిని కొలవడానికి 15 వాక్యాల స్కేలు తయారుచేశారు. ఆ తర్వాతి పరిశోధనల్లో పదేపదే కనిపించింది ఇది: దీని మీద కోర్సు చేశాక ఛాత్రోపాధ్యాయుల వైఖరి మెరుగుపడుతుంది, బడిలో అడుగుపెట్టి సిలబస్ ఒత్తిడి తగిలాక ఆ పద్ధతులు పక్కకు జరుగుతాయి. 2008లో అమెరికా పరిశోధకులు షానహన్ దంపతులు ఇంకో మెట్టు ఎక్కారు. చరిత్రకారుడు చదివినట్టు రసాయన శాస్త్రవేత్త చదవడు, కాబట్టి ఆ చదువు నేర్పగలిగింది ఆ సబ్జెక్టు టీచరేనన్నారు. మాకు బాగా బలమనిపించే వాదన ఇదే.

మన దగ్గర 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ప్రతి క్లాసూ భాషా క్లాసేనంది. టీచర్ల శిక్షణను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లయ్యాక, సబ్జెక్టులన్నిటిలో భాష గురించి సగం మార్కుల పేపరు చేరింది. చిక్కంతా అక్కడే. ఆ పేపరు ఒకచోట, సబ్జెక్టు ఎలా బోధించాలో నేర్పే మెథడ్స్ క్లాసు ఇంకోచోట. పీరియడ్ ప్లానులో "చదవడం" అన్న గడే లేకపోతే, పరీక్షకు నిర్వచనాలు బట్టీపట్టి వదిలేస్తారు. తెలుగు, ఇంగ్లిష్ రెండూ పక్కపక్కన అచ్చయిన ద్విభాషా పుస్తకాలు ఉభయ రాష్ట్రాల్లో వచ్చాక ఈ లోటు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

పాఠంతోనే చదవడం నేర్పడానికి 45 నిమిషాల పీరియడులో 8 నిమిషాలు చాలు. ఒక్క పేరా, మూడు మాటలు. భౌతికశాస్త్రంలో "పని" తీసుకోండి. తలమీద బియ్యం బస్తాతో కదలకుండా నిలబడ్డ హమాలీ ఆ బస్తాపై చేసిన పని సున్నా అని పుస్తకం అంటుంది. ముందు "పని" అంటే ఏమిటో పిల్లల్నే చెప్పమనండి, తర్వాత పేరా మౌనంగా చదివించండి, పుస్తకం చెప్పే "పని" ఎక్కడ వేరైందో గీత గీయించండి. ఒకరి తర్వాత ఒకరిని లేపి పైకి చదివిస్తే మాత్రం మిగతావాళ్లు తమ వంతు వాక్యాన్నే వెతుక్కుంటారు, పాఠం ఎవరికీ ఎక్కదు.