కార్టూన్ వచ్చింది సరే, తెలుగు ఆడియో ఏదీ?

చిన్నప్పుడు చూసిన కార్టూన్ ఓటీటీలో మళ్లీ కనబడుతుంది. బొమ్మ అప్పటికన్నా శుభ్రంగా ఉంటుంది. భాషల జాబితా తెరిస్తే తెలుగు ఉండదు, ఉన్నా ఆనాటి గొంతు కాదు. తరచూ లేచే ఈ గొడవ ఇప్పుడు మళ్లీ లేచింది. కంపెనీలకు తెలుగంటే చిన్నచూపని ఒక పక్షం అంటోంది. హక్కుల గడువు తీరిపోయిందని, పాత డబ్బింగ్ కావాలని అడిగేవాళ్లు గుప్పెడు మందేనని రెండో పక్షం. రెండోవాళ్లు చెప్పేది అబద్ధమేమీ కాదు, కాకపోతే సగం దగ్గరే ఆగిపోతుంది. ఆ తెలుగు ఆడియో ఎలా తయారైంది, ఏ టేపులో ఏ మూల ఉండేది అన్నది చూడకుండా మిగతా సగం అర్థం కాదు.

దూరదర్శన్ ఆదివారాలు, శక్తిమాన్, డక్‌టేల్స్ బాతులు అందరికీ గుర్తున్నవే, వాటిని వదిలేద్దాం. కథ మలుపు తిరిగింది 2004లో. ఆ ఏడాది డిసెంబరు 17న డిస్నీ చానల్, టూన్ డిస్నీ మన దేశంలో మొదలయ్యాయి. తెలుగు ఆడియో కూడా వాటితోపాటే వచ్చింది. అమెరికా కార్టూన్ తెలుగులో మాట్లాడుతుంటే ఇంట్లో పిల్లలకు పండగే. అయితే వచ్చింది తెలుగు చానల్ కాదు, ఒక చానల్‌కు తగిలించిన తెలుగు ఆడియో ట్రాక్. నేటి తగాదా మొత్తం ఈ తేడాలోనే ఉంది.

శాటిలైట్ మీద ఇది ఎలా నడుస్తుందంటే, బొమ్మ ఒక్కటే వెళ్తుంది. దాని పక్కనే ఇంగ్లిష్, హిందీ, తమిళం, తెలుగు అంటూ ఎన్ని ఆడియోలు ఉంటే అన్ని వేరువేరు గుర్తు నంబర్లతో వెళ్తాయి. మామూలు ఎస్‌డీ (హెచ్‌డీ కాని) చానల్ బొమ్మకు సెకనుకు 2 నుంచి 4 మెగాబిట్లు పడితే, ఒక్కో ఆడియోకు 128 నుంచి 192 కిలోబిట్లు చాలు. అంటే కొత్త భాష చేర్చడానికి చానల్‌కయ్యే అదనపు చోటు బొమ్మలో పదో వంతు కూడా ఉండదు. ఇంత చౌక కాబట్టే తెలుగు వచ్చింది. పోవడం కూడా అంతే తేలికయింది.

అప్పట్లో కేబుల్ అనలాగ్. ఆపరేటర్ గదిలో చానల్‌కొక రిసీవర్ ఉండేది. దానిలోంచి ఒక బొమ్మ, ఒక ఆడియో మాత్రమే, చానల్‌ను కేబుల్‌లోకి పంపే మాడ్యులేటర్‌లోకి వెళ్లేవి. రిసీవర్‌లో ఏ భాష నొక్కి ఉంటే ఊరంతటికీ అదే భాష. కరెంటు పోయి వచ్చాక రిసీవర్ మొదటి ఆడియోకు తిరిగిపోతే, ఎవరో ఒకరు ఫోన్ చేసేదాకా కార్టూన్ ఇంగ్లిష్‌లోనే నడిచేది. పక్కపక్క ఊళ్ల పిల్లలు ఒకే కార్టూన్‌ను వేరువేరు భాషల్లో గుర్తుంచుకోవడానికి కారణం ఇదే. ‘అది తెలుగులో రానే లేదు’, ‘నేను తెలుగులోనే చూశాను’ అని వాదించుకునే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నాలకు కేబుల్ డిజిటలీకరణ గడువు 2013 మార్చి 31. ఇంటి రిమోట్‌లో ఆడియో మార్చుకునే బటన్ ఆ తర్వాతే మామూలయింది.

దీనికి భిన్నమైన దారి సన్ నెట్‌వర్క్ 2009లో పెట్టిన ఖుషీ టీవీ. అది పూర్తిగా తెలుగు పిల్లల చానల్, ఆపరేటర్ పొరపాటున మార్చడానికి వేరే భాష లేదు. అలాంటి చానల్‌లో ప్రతి ఎపిసోడ్‌కూ తెలుగుతో కలిపిన కాపీ ఒకటి ఉండక తప్పదు. ఆడియో ట్రాక్‌గా వచ్చిన తెలుగుకు ఆ అవసరం లేదు.

ఇక టేపు సంగతి. ఆ రోజుల్లో చానళ్లలో ఎక్కువగా తిరిగింది డిజిటల్ బీటాక్యామ్ అనే వీడియో టేపు. పెద్ద క్యాసెట్‌లో 124 నిమిషాలు పడుతుంది, అంటే 22 నిమిషాల ఎపిసోడ్లు ఐదు. ఆడియోకు నాలుగు ట్రాకులు. ఇంగ్లిష్ స్టీరియో రెండింటిని తినేస్తే మిగిలేవి రెండు. ఇన్ని భాషలు ఒకే టేపులో పట్టవు కాబట్టి కొన్ని వేరే ఆడియో టేపు మీదో, సర్వర్‌లో ఫైలుగానో ఉండాల్సి వచ్చేది. టేపు లేబుల్ మీద కార్టూన్ పేరు, ఎపిసోడ్ నంబరు ఉంటాయి. మూడో ట్రాక్‌లో ఏముందో లేబుల్ మీద రాయకపోతే, ప్లే చేసి ప్రతి ట్రాకూ వినేదాకా తెలియదు. వేల టేపులను డిజిటల్‌లోకి ఎక్కించేటప్పుడు మొదటి రెండు ట్రాకులు మాత్రమే ఎక్కిస్తే, మిగతా రెండిట్లో ఏముందో ఎవరూ చూడకుండానే టేపు చెత్తలోకి పోతుంది.

ఒప్పందం కూడా అలాంటిదే. చానల్ కార్టూన్‌ను కొన్నేళ్లకు, కొన్ని ప్రసారాలకు కొంటుంది. హక్కుదారు బొమ్మతోపాటు సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్ పంపుతాడు. దీన్నే ఎం అండ్ ఈ అంటారు. డబ్బింగ్ థియేటర్‌లో తెలుగు మాటలు రికార్డు చేసి దాంతో కలుపుతారు. గడువు ముగిశాక ఆ తెలుగు మిక్స్ ఎవరిదన్నది ఒప్పందంలో ఒక్క వాక్యం తేలుస్తుంది. ఆ వాక్యం లేకపోయినా, ఉండి ఎవరూ అమలు చేయకపోయినా, కార్టూన్ హక్కుదారు దగ్గర తెలుగు ఉండదు, తెలుగు ఉన్న చానల్‌కు కార్టూన్ మీద హక్కు ఉండదు. ‘హక్కుల సమస్య’ అని కంపెనీలు ఒక్క ముక్కలో తేల్చేది దీన్నే. మాటలు చెప్పిన ఆర్టిస్టుల పేర్లు తెర మీద వేసే అలవాటు అప్పట్లో దాదాపు లేదు. ఎపిసోడ్‌కింత అని తీసుకుని వెళ్లిపోయేవారు. కాబట్టి ఇవాళ అదే గొంతుతో మళ్లీ చెప్పిద్దామనుకున్నా, ఆ గొంతు ఎవరిదో చెప్పేవాళ్లను ముందు వెతుక్కోవాలి.

ఇక్కడ 2004 నుంచి పదకొండేళ్లు వెనక్కి వెళ్లాలి. 1993లో దూరదర్శన్‌లో వచ్చిన ‘ది జంగిల్ బుక్’ జపాన్‌కు చెందిన నిప్పాన్ యానిమేషన్ తీసిన 52 ఎపిసోడ్ల సీరియల్. మనవాళ్లకు గుర్తున్న టైటిల్ పాట జపాన్ మాస్టర్‌లో, అంటే అసలు కాపీలో లేదు. దాన్ని గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ సంగీతం ఇచ్చారు. షేర్‌ఖాన్ గొంతు నానా పాటేకర్‌ది. హిందీ రాని తెలుగు పిల్లలు కూడా ఆ పాట నోటికి పాడారు. జపాన్ నుంచి ఎంత మంచి కాపీ తెచ్చినా మనకు గుర్తున్న మోగ్లీ అందులో ఉండడు, అతను ఇక్కడ తయారైన హిందీ టేపులోనే ఉన్నాడు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో దూరదర్శన్ దాన్ని మళ్లీ వేయగలిగింది. భాషకో టేపు ఉంటే వెతకడానికి కనీసం టేపు పేరుంటుంది. తెలుగు డబ్బింగ్‌లకు చాలాచోట్ల ఆ పేరు కూడా లేదు.

సరే, తెలుగు ట్రాక్ దొరికిందనుకుందాం. కొత్త హెచ్‌డీ బొమ్మకు అతికించడం ఎంత పని? ‘పెద్ద ఖర్చు’ అని కంపెనీలు, ‘ఒక రాత్రి పని’ అని అభిమానులు అంటారు. అభిమానుల మాటే నిజానికి దగ్గర, కానీ ఒక చిక్కుంది.

సినిమా లెక్కన సెకనుకు 24 ఫ్రేములతో తీసిన బొమ్మను, మన దేశపు టీవీ ప్రసారాల పద్ధతి అయిన ‘పాల్’లో 25 ఫ్రేములుగా నడిపేవారు. ఇవాళ్టి మాస్టర్ ఎక్కువగా 23.976 ఫ్రేములది. కాబట్టి నేటి లెక్కలో 22 నిమిషాల ఎపిసోడ్ పాత ప్రసారంలో 21 నిమిషాల 6 సెకన్లకే అయిపోయేది. పాత ఆడియోను అలాగే పెడితే నిమిషానికి రెండున్నర సెకన్ల చొప్పున మాట పెదవుల కన్నా ముందుకు పరుగెడుతుంది. సరిచేయాలంటే ఆడియోను 104.27 శాతానికి సాగదీయాలి. శ్రుతితో సహా నెమ్మది చేస్తే సంగీతం అసలు శ్రుతికి వస్తుంది, కానీ వేగంగా నడిచే బొమ్మను చూస్తూ మామూలుగా మాట్లాడిన తెలుగు ఆర్టిస్టు గొంతు ముప్పావు సెమీటోన్ (పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న మెట్టు) దిగి బరువెక్కుతుంది. శ్రుతి కదలకుండా నిడివి మాత్రమే పెంచితే గొంతు దక్కుతుంది, సంగీతం కాస్త పైశ్రుతిలో ఉండిపోతుంది. కొత్త కాపీలో ‘అదే డబ్బింగ్, కానీ ఏదో తేడా’ అనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. మాటలు విడిగా, ఎం అండ్ ఈ విడిగా ఉంటే ఈ బాధ లేదు. మాటలకు ఒక పద్ధతి వాడి, సంగీతాన్ని కొత్త మాస్టర్ నుంచే తీసుకోవచ్చు. కలిపేసిన మిక్స్ మాత్రమే దొరికితే రెండిట్లో ఒకటి వదులుకోక తప్పదు.

అన్ని కార్టూన్లూ ఇలా వేగం పెంచినవి కావు. వీడియోలోనే ఎడిట్ అయిన అమెరికా సీరియళ్లు ఫ్రేముల లెక్క మార్చే కన్వర్టర్ ద్వారా వస్తే వేగం మారదు, ఫ్రేములు ఒకదానిలో ఒకటి కలిసిపోయి బొమ్మ మసకగా ఉంటుంది. అందుకే సాగదీసే ముందు టైటిల్ పాట నిడివిని పాత కాపీలోనూ కొత్త కాపీలోనూ కొలవాలి. 60 సెకన్ల పాట పాతదాంట్లో ఏడున్నర సెకన్లు తక్కువ వస్తే అది వేగం తేడా కాదు, చానల్ పాటను కోసిందని అర్థం. ప్రకటనల విరామం, వెనకటి కథ, సెన్సార్ కత్తిరింపు ఉన్న ప్రతిచోటా ట్రాక్‌ను ముక్క చేసి విడిగా కూర్చాలి. ఒక్క గీతలో మొత్తం సాగదీసినవాళ్లకు మొదటి విరామం దాటగానే మాటకూ పెదవులకూ పొంతన పోతుంది.

కంపెనీల దగ్గర లేనిది కొన్నిసార్లు ఇళ్లలోని వీహెచ్‌ఎస్ క్యాసెట్లలో ఉంది. అక్కడ అసలు శత్రువు బూజు. కోస్తా గాలి తేమకు టేపు చుట్ట అంచున తెల్లటి పొడి పడుతుంది. అలాంటి క్యాసెట్‌ను నేరుగా వీసీఆర్‌లో పెడితే టేపును చదివే హెడ్ మూసుకుపోతుంది, ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ బూజు అంటుకుంటుంది. ముందు శుభ్రం చేయించాలి. ఎక్కించేటప్పుడు 720x576, సెకనుకు 25 ఫ్రేములు, ఆడియో 48 కిలోహెర్ట్జ్ కుదింపు లేకుండా ఉండాలి. మధ్యలో సిగ్నల్ కాలాన్ని సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ లేకపోతే ఫ్రేములు జారిపోతాయి, పైన చెప్పిన లెక్కలన్నీ తప్పుతాయి. మామూలు వీహెచ్‌ఎస్ ఆడియో టేపు అంచున సన్నటి గీతలో ఉంటుంది. ఆడియో హెడ్ వంపు టేపుకు సరిపోకపోతే మాట మూగబోతుంది. ‘టేపు పాడైంది’ అని పారేసిన కొన్ని ఆ హెడ్ వంపు సరిచేసే స్క్రూ తిప్పితే బాగుపడేవే.

అలా బాగుచేసిన ఎపిసోడ్‌ను ఎవరైనా నెట్‌లో పెడితే తొలగింపు నోటీసు వస్తుంది. చట్టం ఇక్కడ కంపెనీల వైపే ఉంది. కాపీరైట్ చట్టం ప్రకారం ప్రసార సంస్థ హక్కు 25 ఏళ్లే, 1993 ప్రసారం మీద అది 2018తో తీరిపోయింది. కానీ బొమ్మ మీదా రికార్డింగ్ మీదా హక్కు విడుదల తర్వాత 60 ఏళ్లు నడుస్తుంది. 2005లో వచ్చిన తెలుగు డబ్బింగ్‌కు అది 2065 చివరిదాకా. ఆ ట్రాక్ తమ దగ్గర ఉందో లేదో చూసుకోని హక్కుదారుకు కూడా అదే గడువు.