మోర్మన్ దేవాలయ స్థల ప్రణాళిక: అపోహలు – వాస్తవాలు

ప్రార్థనా స్థలాలకు స్థల ప్రణాళికలు తయారుచేయడం అమెరికాలో నా వృత్తి. పట్టణ ప్రణాళికా సంఘాల బహిరంగ విచారణలలో మోర్మన్ దేవాలయాల గురించి వినిపించే అభ్యంతరాలలో చాలా వరకు, ఆ కట్టడం ఏ పనికి ఉద్దేశించినదో తెలియకపోవడం వల్లనే పుట్టినవి. సమర్థించేవారి మాటల్లోనూ అపోహలు తక్కువేమీ కావు. మోర్మన్ అన్నది అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘానికి జనవాడుక పేరు. యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము అన్న పూర్తి పేరుతోనే తమను పిలవాలని ఆ సంఘం 2018 నుండి గట్టిగా కోరుతోంది.

అపోహ: ఇది ఒక పెద్ద చర్చి, ఆదివారం వచ్చిందంటే వీధులన్నీ కార్లతో నిండిపోతాయి.

ఆదివారం ఆరాధన జరిగేది దేవాలయంలో కాదు, ప్రతి ప్రాంతంలోనూ ఉండే సాధారణ సమావేశ మందిరాలలో. దేవాలయం ఆదివారం మూసి ఉంటుంది, చాలా చోట్ల సోమవారం కూడా తెరవరు. లోపల వేలమంది కూర్చునే సభాస్థలి ఉండదు. బాప్తిస్మపు గది, బోధన గదులు, దంపతులను శాశ్వతంగా ముడివేసే చిన్న గదులు, స్వర్గానికి సంకేతంగా మౌనంగా కూర్చునే సెలెస్టియల్ గది ఉంటాయి. సభ్యులు చిన్న చిన్న బృందాలుగా రోజంతా వస్తూ పోతూ ఉంటారు. అందువల్ల పార్కింగ్ లెక్క కట్టేటప్పుడు ఆదివారపు రద్దీని తీసుకుంటే సమాధానం తప్పుతుంది; ఒక బృందం బయటికి రాకముందే తరువాతి బృందం చేరుకునే ఆ అరగంటను తీసుకోవాలి. నిజమైన రద్దీ ప్రతిష్ఠకు ముందు, మతభేదం లేకుండా అందరినీ లోపలికి ఆహ్వానించి చూపించే కొన్ని వారాలలో ఉంటుంది. దానికి తాత్కాలిక పార్కింగ్‌నూ బస్సులనూ ఏర్పాటు చేయాలి తప్ప, ఆ కొద్ది రోజుల కోసం ఎకరాల కొద్దీ నేలను శాశ్వతంగా తారుతో కప్పివేయకూడదు.

అపోహ: శిఖరం ఎత్తు మతసిద్ధాంతం నిర్ణయించినది, ఒక్క అడుగు కూడా మార్చడానికి వీలులేదు.

1919లో ప్రతిష్ఠించిన హవాయిలోని లాయె దేవాలయానికీ, 1923 నాటి కెనడాలోని కార్డ్‌స్టన్ దేవాలయానికీ శిఖరమే లేదు. అరిజోనాలోని టూసాన్‌లో ఇరుగుపొరుగువారు ఎత్తు గురించి ఆందోళన చెందగా, శిఖరానికి బదులు గుమ్మటం కట్టి 2017లో ప్రతిష్ఠించారు. టెక్సస్‌లోని ఫెయిర్‌వ్యూలో మొదట ప్రతిపాదించిన శిఖరం ఎత్తు సుమారు 174 అడుగులు. 2024 ఆగస్టులో పట్టణ మండలి దానిని తిరస్కరించింది. మధ్యవర్తిత్వం జరిగిన తరువాత 120 అడుగుల శిఖరంతో, ఒకే అంతస్తుతో చిన్నదైన నమూనాకు 2025 ఏప్రిల్‌లో ఆమోదం లభించింది. పైన, మోర్మన్ విశ్వాసంలోని మొరోనై దేవదూత బంగారు విగ్రహం తప్పనిసరి అన్న మాటా నిజం కాదు. అది లేని దేవాలయాలు అనేకం ఉన్నాయి.

అయితే, తగ్గించవచ్చు కాబట్టి శిఖరానికి అర్థమే లేదనడం కూడా సరికాదు. బోస్టన్ దగ్గరి బెల్మాంట్‌లో శిఖరం ఎత్తుపై వ్యాజ్యం నడుస్తుండగా 2000లో దేవాలయాన్ని శిఖరం లేకుండానే ప్రతిష్ఠించారు. 2001లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం సంఘానికి అనుకూలంగా తీర్పు చెప్పిన తరువాతనే శిఖరాన్ని నిలిపారు. ఒక మతానికి ఏ అంగం అవసరమో తేల్చడం న్యాయమూర్తుల పని కాదన్న ఆ తీర్పులోని ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. పొరుగువారితో కూర్చుని మాట్లాడి ఎత్తును కుదుర్చుకోవడం దానికి విరుద్ధమేమీ కాదు.

అపోహ: మతపరమైన కట్టడమైతే జోనింగ్ (ఏ స్థలంలో ఏది, ఎంత కట్టవచ్చో చెప్పే) నిబంధనలు వర్తించవు.

వర్తిస్తాయి. అమెరికాలో 2000లో వచ్చిన మతపరమైన భూవినియోగ చట్టం, బలమైన ప్రభుత్వ ప్రయోజనం లేకుండా ఆరాధనపై పెనుభారం మోపే నిబంధనలను అడ్డుకుంటుంది. సెట్‌బ్యాకులనూ (సరిహద్దు నుండి వదలవలసిన ఖాళీ స్థలాన్నీ), వాననీటి పారుదలనూ, అగ్నిమాపక వాహనాల దారినీ అది రద్దు చేయదు. ఇది అన్ని మతాలకూ వర్తించే చట్టమని మనవారు గుర్తుంచుకోవడం మేలు. కాలిఫోర్నియాలోని సట్టర్ కౌంటీలో గురుద్వారా నిర్మాణానికి అనుమతి నిరాకరించినప్పుడు, 2006లో సిక్కులు గెలిచింది ఈ చట్టం ఆధారంగానే. ప్రవాస తెలుగువారు కట్టుకునే ఆలయాలకూ ఇదే రక్షణ, ఇవే పరిమితులు.

అపోహ: ప్రకటన వెలువడితే నిర్మాణం మొదలైనట్లే.

ప్రకటనలో సాధారణంగా ఊరి పేరు మాత్రమే ఉంటుంది; స్థలసేకరణ, మట్టి పరీక్షలు, అనుమతులు అన్నీ ఆ తరువాతి పనులు. బెంగళూరు దేవాలయాన్ని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు, భూమిపూజకు సమానమైన కార్యక్రమం 2020 డిసెంబరులో జరిగింది. భారతదేశంలో ఈ సంఘపు తొలి స్టేక్ (పలు స్థానిక సమాజాలను కలిపిన విభాగం) 2012లో హైదరాబాద్‌లో ఏర్పడినా, దేశంలో దేవాలయం లేనందున మన సభ్యులు హాంకాంగ్ వంటి దూరపు నగరాలకు ప్రయాణించవలసి వచ్చేది. ఇటువంటి దేవాలయానికి ప్రణాళిక వేసేవారు రాజమండ్రి నుండి రాత్రంతా రైలులో వచ్చే కుటుంబాన్ని కళ్లముందు ఉంచుకోవాలి. వారికి బస, స్నానం, పసిపిల్లలతో వేచి ఉండే చోటు గర్భగృహమంత ముఖ్యమైనవి.

బెంగళూరు నమూనాలో రెండంతస్తులతో పాటు భూగర్భ అంతస్తు కూడా ఉంది. పన్నెండు ఎద్దుల శిల్పాలపై నిలిచే బాప్తిస్మపు తొట్టిని సమాధికి సంకేతంగా కింది అంతస్తులో ఉంచడం సంప్రదాయం కాబట్టి, భూగర్భ జలమట్టం ఎంత లోతున ఉందో శిఖరం గీయకముందే తెలుసుకోవాలి.

అపోహ: సభ్యులు కానివారు ఆవరణలో కూడా అడుగుపెట్టకూడదు.

ప్రతిష్ఠ తరువాత భవనంలోకి, స్థానిక పెద్దలు ఇచ్చే దేవాలయ సిఫారసు పత్రం ఉన్న సభ్యులకే ప్రవేశం. ఆవరణ మాత్రం అందరిదీ. అందుకే నా దృష్టిలో ఈ పనిలో భవనం కంటే తోటకే ముందుగా ఆలోచన దక్కాలి, ఎందుకంటే ఊరిలో అత్యధికులు జీవితాంతం చూసేది దానిని మాత్రమే. రాత్రంతా గోడలపై వెలుతురు ప్రసరించడం పవిత్రతకు గుర్తని కొందరు భావిస్తారు. యూటాలోని హీబర్ వ్యాలీలో ఆ వెలుతురే పెద్ద వివాదమైంది. దీపాలకు మూతలు బిగించి, కిందికి వంచి, పొద్దుపోయాక తగ్గిస్తే కట్టడం గౌరవానికి లోటు రాదు, పొరుగింటి పడకగదిలో చీకటీ మిగులుతుంది. పచ్చిక విషయమూ అంతే. నీరు కరువైన చోట విశాలమైన పచ్చిక మైదానం పరచడం కంటే స్థానిక చెట్లను పెంచడం వివేకం.

ఇక్కడ ఎక్కువమంది గమనించని ఒక విషయం ఉంది. దేవాలయంలో వివాహం జరిగేటప్పుడు సిఫారసు పత్రం లేని తల్లిదండ్రులు, తోబుట్టువులు లోపలికి వెళ్లలేరు. వారు బయటనే వేచి ఉంటారు. 2019లో నియమం సడలించడం వల్ల ముందుగా అందరి సమక్షంలో పౌర వివాహం చేసుకుని, ఏడాది ఆగకుండానే దేవాలయ వివాహం జరుపుకునే వీలు కలిగింది కానీ, ఆ నిరీక్షణ పూర్తిగా పోలేదు. వధూవరులు బయటికి వచ్చే తలుపు ఎటువైపు ఉందో, దానికి ఎదురుగా నీడనిచ్చే చెట్టు, వీపు ఆనించుకునే బల్ల, తాగునీరు ఉన్నాయో లేదో నేను ప్రతి నమూనాలోనూ మొదట వెతుకుతాను.